నలభై సంతల తాడు

నా ఎత్తు అయిదడుగుల పదకొండంగుళాలు. ఫ్లెక్సీలో ఆరడుగుల రెండు. ఫ్లెక్సీ వేయించినవాళ్ళు నా ఎత్తు పెంచి ఊరుకోలేదు, నన్ను త్యాగమూర్తిని కూడా చేశారు. ఆ బొమ్మలో నా మెడలో స్టెతస్కోపు, చంకలో బాస్కెట్‌బాల్, వెనకాల సొరంగంలోంచి వస్తున్న అరకు రైలు. రైలుకీ నాకూ ఏమిటి సంబంధమని అడిగితే, కొండ అని తెలియాలి కదండీ అన్నాడు ఫ్లెక్సీ తెచ్చినవాడు. అనంతగిరి కొండల్లో పుట్టి, అక్కడి చిన్న ఆస్పత్రిలోనే పనిచేస్తున్న నేను కొండదాన్నని తెలియడానికి ఒక రైలు కావలసి వచ్చింది.

ఆ త్యాగం సంగతి చెబుతాను. కాలేజీలో నేను బాస్కెట్‌బాల్ బాగా ఆడేదాన్ని. యూనివర్సిటీ టీముకి సెంటర్‌ని, అంటే రింగు దగ్గర ఆడే పొడుగుమనిషిని. మెడిసిన్ చదువు అయిపోవస్తుండగా ఒక ప్రొఫెషనల్ టీమువాళ్ళు వచ్చి తమకి ఆడమన్నారు. నేను వెళ్ళలేదు, డాక్టర్నయ్యాను. అంతే. కానీ ఈ అంతే అన్నమాట ఎవరికీ చాలదు. పేపరువాళ్ళకి కారణం కావాలి, అదీ చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకునే కారణం. ఒకాయన మా గూడెం దాకా ఎక్కివచ్చి, మీ అమ్మగారు డోలీలోనే పోయారటగా, అందుకేగా ఈ నిర్ణయం, అని అడిగాడు. మా కొండమీదకి రోడ్డు లేదు. నడవలేని మనిషిని దుప్పటిలో పడుకోబెట్టి, ఆ దుప్పటిని ఒక కర్రకి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని దిగుతారు. అదీ డోలీ. ఆయన ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు మా అమ్మ అక్కడే చాప మీద పిప్పళ్ళు ఆరబోస్తోంది.

"నాను బతికే ఉన్నాను గదా బాబూ," అంది. "సచ్చిపోనానని రాత్తేగానీ మీ పేపరు సదవరేటి?"

ఆయన నొచ్చుకుని, పోనీ నాన్నగారా అన్నాడు. సరిగ్గా అప్పుడే నాన్న చోడి చేలోంచి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. పేపరాయన మా పెద్దవాళ్ళిద్దరి ఆరోగ్యానికీ బాగా దిగులుపడి, పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

అసలు కారణం చెబితే ఎవరూ రాసుకోరు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కాన్పుల వార్డులో మొదటిసారి ఒక బిడ్డను నా చేతుల్లోకి తీసుకున్నాను. ఒంటిచేత్తో బంతిని పట్టుకునే చేతులు, ఆ రోజు రెండూ చాలవేమో అనిపించింది. బిడ్డ ఏడ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నర్సు నావైపు చూడకుండానే పక్కకి జరగమంది, ఆయా బకెట్టు అడ్డం తియ్యమంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అయిదేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా జనం ముందు నా ఎత్తు చూసేవాళ్ళు, తరవాతే మనిషిని. ఆ గదిలో ఎవరికీ నా ఎత్తుతో పనిలేదు.

మా కోచ్ మాస్టారికి ఈ ముక్క చెబితే ఒప్పుకోలేదు. ఆయన విశాఖపట్నం మనిషి. ఆరడుగుల రెండంగుళాలు ఆయనవి నిజం. మెడికల్ కాలేజీ గ్రౌండులో నన్ను పట్టుకుని, బంతి ఎలా అందుకోవాలో నేర్పింది ఆయనే. డాక్టర్లు వీధికి ఇద్దరు దొరుకుతారని, నాలాంటి సెంటర్ ఇంకో ఇరవై ఏళ్ళకిగానీ దొరకదని లెక్కలు వేసి చెప్పాడు. చివరికి ముఖం ఎర్రగా చేసుకుని, "నీ ఎత్తు నీది కాదమ్మాయ్, టీముది," అన్నాడు. ఆ తరవాత నాలుగేళ్ళు మాట్లాడలేదు.

టీముదో కాదో గానీ, మా గూడెంలో మాత్రం అది ఎవరికీ అక్కరలేని ఎత్తు. మావాళ్ళు పొట్టి. మోతలన్నీ కర్రకి కట్టి ఇద్దరిద్దరు మోస్తారు కాబట్టి, ప్రతివాళ్ళకీ చిన్నప్పటినుంచే సరిజోడు ఒకరు ఉంటారు. ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే బరువంతా పొట్టివాడి మీదకి జారిపోతుంది. నాతో కర్ర పట్టడానికి ఎవరూ రాలేదు. పదమూడో ఏడు నిండేసరికే నేను ఒంటరి మోతదాన్ని. ఈ గుంట ఎవరి పోలికో అని ముసలమ్మలు గుసగుసలాడితే మా అమ్మ వాళ్ళందరితోనూ ఒక విడత పోట్లాడింది.

సరే, మళ్ళీ ఆస్పత్రికి వస్తాను. నేను ఇక్కడికి వచ్చిన మూడో ఏడు, పైవాళ్ళకి హఠాత్తుగా నేను గుర్తొచ్చాను. నా సేవకు గుర్తింపుగా ఏదైనా కట్టించాలని అనుకున్నారట. గూడేనికి రోడ్డు అడిగాను. రాసుకున్నారు. రాసుకుని, ఆస్పత్రి ఆవరణలో బాస్కెట్‌బాల్ స్తంభం శాంక్షన్ చేశారు. మా ఆవరణలో చదునైన జాగా అంటే ఒక్కటే. అంబులెన్సు ముందు గేటులోంచి వచ్చి, ఆ జాగాలో చుట్టు తిరిగి, వెనక గేటులోంచి కిందికి పోతుంది. స్తంభం సరిగ్గా దాని నడిమధ్యన పాతారు. మూలకి పెట్టమని ఆరునెలలు మొత్తుకున్నా, మధ్యలో అయితేనే ఫోటో బాగా వస్తుందన్నాడు ఇంజనీరు. పాతింది కూడా ప్రారంభోత్సవానికి రెండురోజుల ముందు.

నేను వాళ్ళని వెక్కిరిస్తున్నాను గానీ, నా సంగతీ చెప్పాలి. చప్పట్లు లేని గది నచ్చి డాక్టర్నయ్యానన్న నాకే, ఆ ప్రారంభోత్సవం ఫ్లెక్సీ చూశాక మళ్ళీ చప్పట్ల మీద ఆశ పుట్టింది. జనం ఎంతమంది వస్తారని ఆఫీసువాళ్ళు అడిగితే, మా గూడెం మొత్తం వస్తుందని నేనే చెప్పాను. మా వాళ్ళు చూడాలనిపించింది. జోడు దొరకని గుంటను చూడటానికి పెద్దకార్లు వస్తే, ఆ ముసలమ్మల ముఖాలు ఎలా ఉంటాయో చూడాలనిపించింది.

ఆ రోజుల్లోనే మా మరదలు నిండు చూలాలు. తమ్ముడి భార్య. తొలి కాన్పు. మా ఆడవాళ్ళకి నెలలు లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఆఖరిసారి ముట్టయిన వారం మొదలుకుని, వారానికోసారి సంతరోజున ఒక తాడుకి ఒక ముడి వేస్తారు. నలభై సంతలు దాటకుండా బిడ్డ బయటికి వస్తుందని లెక్క. మా మరదలు ఆ తాడు మొలకి చుట్టుకుని పరీక్షకి వచ్చింది. ముప్పైఎనిమిది ముళ్ళు. నా దగ్గర స్కానింగు కాయితం ఉంది. కాయితం ప్రకారం ఇంకా ముప్పైఅయిదు వారాలే. కడుపు తడిమి చూస్తే బిడ్డ అడ్డంగా ఉంది. నెల పైనే టైముంది కదా, ఈలోగా తిరుగుతుందిలే అని ఇంటికి పంపేశాను. తను వెళ్ళకుండా నిలబడి, తాడు తీసి నా బల్లమీద పెట్టింది. నేను నవ్వాను. కాయితం చూపించాను.

"కాయితానికేటి తెలుసు వదినా?" అంది. "ఈ సంతలన్నిటికీ ఎల్లింది నానా, కాయితమా?"

నిజానికి ఆ స్కానింగు ఏడో నెలలో తీసింది. అంత ఆలస్యంగా తీసిన స్కానింగు మూడువారాలు అటూ ఇటూ తప్పుతుందని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మామూలుగా ఏ కొండ మనిషి వచ్చి చెప్పినా వినేదాన్నేమో. ఇంట్లో మనిషి, అందులోనూ నాకన్నా పదేళ్ళు చిన్నది, నా బల్లమీద తాడు పెట్టి వాదిస్తే నా చదువు అడ్డొచ్చింది. అడ్డంగా ఉన్న బిడ్డతో ముప్పైఎనిమిది వారాల మనిషి వస్తే ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాలి. నేను ఐరన్ బిళ్ళలు ఇచ్చి పంపాను.

ప్రారంభోత్సవం ఆ తరవాతి వారం. పొద్దున్నే రెండు జీపులు కొండ మొదట్లో ఆగి, మా గూడెం మగవాళ్ళందరినీ ఎక్కించుకుని, పన్నెండు కిలోమీటర్ల అవతల జంక్షను దగ్గర దింపాయి. ముఖ్య అతిథి వచ్చేదాకా వాళ్ళక్కడ డప్పులు వాయిస్తూ నిలబడాలి. కార్లు వచ్చాక మళ్ళీ జీపులెక్కి ఆస్పత్రికి వచ్చి కుర్చీల్లో కూర్చోవాలి. నాన్న వెళ్ళాడు, తమ్ముడు వెళ్ళాడు. గూడెం ఆశా కార్యకర్తని కూడా హారతి పళ్ళెం పట్టుకోవడానికి తీసుకుపోయారు. నన్నేమో పాత జెర్సీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. పక్కలు పట్టేసి ఊపిరాడలేదు. మాస్టారిని అతిథిగా పిలిచారు. ఆయన అందరికన్నా ముందే వచ్చి, స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి, రింగు వంకరగా ఉందని చెప్పి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. నాతో మాట్లాడటం ఇంకా మొదలుపెట్టలేదు.

పది దాటాక ఫోన్ మోగింది. మా గూడెంలో సిగ్నలు ఒక బండమీదే వస్తుంది. మా అమ్మ ఆ బండెక్కి ఆయాసపడుతోంది. "నొప్పులొచ్చీసినాయే. నీరు పోయింది. మొయ్యడానికి మొగోడన్నోడు ఒక్కడు లేడు. అందరూ నీకు సప్పట్లు కొట్టడానికే దిగీసినారు," అంది.

తాడు బల్లమీద పెట్టిన ఆ చెయ్యే కళ్ళముందు కదిలింది. తమ్ముడికి ఫోన్ చేస్తే డప్పుల మోతలో ఎత్తలేదు. అంబులెన్సుకి చెప్పి, నర్సుని సిద్ధంగా ఉండమని, సంచీ భుజాన వేసుకుని గేటువైపు పరిగెత్తాను. మాస్టారు లేచి నిలబడి, ఎక్కడికి అన్నాడు. నాలుగేళ్ళ తరవాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే. చెప్పాను. మొయ్యడానికి ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. అరవై దాటిన మనిషి, తెల్లబూట్లు వేసుకుని, నా వెనకే కొండెక్కడం మొదలుపెట్టాడు.

నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. ఇంటికి చేరేసరికి మరదలు నులకమంచం పట్టెని పట్టుకుని పళ్ళు బిగించి ఉంది. కడుపుమీద చెయ్యి వేశాను. బిడ్డ అడ్డంగానే ఉంది. ఆపరేషన్ చెయ్యకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. నొప్పులు తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చాను. మా అమ్మ అప్పటికే దుప్పటి కట్టి కర్ర సిద్ధం చేసింది. ఎత్తాం.

ముందు మాస్టారు, వెనక నేను. దిగుడులో పొడుగువాళ్ళు ముందుండాలి, అప్పుడే కర్ర వాలకుండా ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఒకరితో కలిసి కర్ర పట్టడం నాకు అదే మొదటిసారి. మా ఎత్తుకి డోలీ నేలకి బాగా పైన తేలింది, ఎక్కడా బండకి తగల్లేదు. దారిలో డోలీ నేలకి ఆనితే కీడని మావాళ్ళ పట్టింపు. అందుకని మా అమ్మ రెండు పంగలకర్రలు పట్టుకుని పక్కనే పరిగెత్తింది. ఆగినప్పుడల్లా కర్ర వాటి మీద ఆనించి, భుజం మార్చుకుని, మళ్ళీ కదిలాం. మాస్టారి చొక్కా వీపున తడిసి అతుక్కుపోయింది. ఆయన పెద్దగా అంకెలు లెక్కపెడుతూ అడుగులు వేయించాడు, పూర్వం గ్రౌండులో వేయించినట్టే. సగం దిగాక, ఊపిరి అందక ఆగినచోట, మొండిమనిషి, పాత గొడవ తీశాడు. ఆ కాంట్రాక్టు ఎందుకు కాదన్నావో ఇప్పుడైనా సరిగ్గా చెప్పు అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా డోలీలోంచి మరదలు మూలిగింది. "మీ ఆట గొడవ తరవాత పెట్టుకోండి మాస్టారూ. ముందు బేగి నడవండి." మాస్టారు ఇంక ఆటమాట ఎత్తలేదు. ఆస్పత్రి దాకా అంకెలే లెక్కపెట్టాడు.

మేము దిగేసరికి సభ మంచి ఊపులో ఉంది. మా గూడెం మగవాళ్ళంతా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. ముఖ్య అతిథి కోటు విప్పి, రింగులోకి బంతి వేసే ప్రయత్నంలో ఉన్నాడు. అప్పటికి మూడుసార్లు తప్పిందట, అయినా ప్రతిసారీ చప్పట్లు కొట్టించారు. అంబులెన్సు స్తంభానికి ముందు మూతి పెట్టుకుని ఆగిపోయి ఉంది. ముందుకి పోదామంటే స్తంభం. వెనక్కి పోదామంటే వరసగా పెద్దల కార్లు. వాటి డ్రైవర్లందరూ ఎక్కడో భోజనాల దగ్గరున్నారు. మరదలిని లోపలికి ఎక్కించాను గానీ బండి కదిలే దారి లేదు. తన పెదాలు పాలిపోతున్నాయి.

తమ్ముడు డోలీని అప్పుడే చూశాడు. కుర్చీలు తన్నుకుంటూ వచ్చాడు. నేను వాడితో ఒక్కటే చెప్పాను: "ఆ స్తంభం పీకెయ్యండి."

నేను ఆరునెలల్లో సాధించలేనిది వాళ్ళు అరనిమిషంలో సాధించారు. ముప్పైమంది లేచి స్తంభం మీద పడ్డారు. రెండురోజుల నాటి సిమెంటు, అందులోనూ ఇసుకే ఎక్కువ. పంటికింద బెల్లంముక్కలా పొడైపోయి, స్తంభం బోర్డుతో సహా ఊడివచ్చింది. మోసుకెళ్ళి గోడవారన పడుకోబెట్టారు. ముఖ్య అతిథి బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక. అంబులెన్సు చుట్టు తిరిగి వెనక గేటులోంచి పోయింది. నేను జెర్సీతోనే అందులో ఎక్కాను.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. మామూలుకన్నా పొడుగు. తల్లీ బిడ్డా దక్కారు. కాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో అక్కడి డాక్టరు నాకు వివరించబోయింది, నాకు తెలుసన్నాను. నర్సు మరదలి బట్టలు మూటకట్టి నా చేతికిచ్చింది. మూటలో తాడుంది. వరండాలో కూర్చుని లెక్కపెట్టాను. ముప్పైతొమ్మిది. అక్కడే, అందరూ చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. జెర్సీలో ఏడుస్తున్న పొడుగాటి ఆడమనిషిని ఆ దారిన పోయేవాళ్ళు మ్యాచి ఓడిపోయినట్టుందని అనుకుని ఉంటారు.

మర్నాడు మరదలు కాస్త తేరుకున్నాక, తప్పు నాదే అన్నాను. కాదనలేదు.

"నీదే," అంది. "మోసినావు గదా అని ఒగ్గెయ్యను వదినా. ఇకమీద ఎవులు తాడు తెచ్చినా నవ్వకు. రాసుకో."

తరవాత నాకు నోటీసు వచ్చింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు, ముఖ్య అతిథికి అసౌకర్యం కలిగించినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తే, విషయానికి సంబంధం లేని వివరాలని తిప్పి పంపారు. ఈలోగా మాస్టారు నాకు చెప్పకుండా తనూ ఒక ఉత్తరం రాశాడు. చేత్తో పీకితే ఊడివచ్చే స్తంభం కింద పిల్లల్ని ఆడించాలనుకున్న ఇంజనీరు ఎవరో తనకి తెలియాలని అడిగాడు. సిమెంటు మాట వచ్చేసరికి ఆ ఫైలు ఎటుపోయిందో పోయింది. మాస్టారికి ఇప్పటికీ నామీద పూర్తిగా కోపం పోలేదు. నెలకోసారి ఫోన్ చేసి, నా సంగతి అడగడు, మేనకోడలు ఎంత పొడుగైందని అడుగుతాడు.

ఆస్పత్రి రిజిస్టరులో తాడుకి గడి లేదు. రిమార్కుల గడిలో రాస్తున్నాను. స్కానింగు లెక్క ఒకటి, ముళ్ళ లెక్క ఒకటి. రెండిట్లో ఏది ముందొస్తే దానికే సిద్ధపడతాను. ఇది ఏమి పద్ధతని తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగారు. మా పద్ధతి అన్నాను.

రోడ్డు రాలేదు. స్తంభం మాత్రం మళ్ళీ వచ్చింది. ఈసారి నేను గొడ్డలి పట్టుకుని నిలబడినంత పనిచేస్తే, మూలకి వేశారు. సిమెంటు కూడా గట్టిదే. పోయినవారం ఆఫీసునుంచి కాయితం వచ్చింది: వచ్చేనెల రెండో సంతరోజున పునఃప్రారంభోత్సవం, మీ గూడెం నుంచి ఎంతమంది మగవాళ్ళు హాజరవుతారో సంఖ్య తెలియజేయగలరు. ఆ కాయితం బల్లమీద ఉండగానే, మా పై గూడెం ఆమె పరీక్షకి వచ్చి తాడు తీసి దాని పక్కనే పెట్టింది. నేను నవ్వలేదు. ఒక్కొక్క ముడీ వేలితో పట్టుకుని లెక్కపెట్టాను. ముప్పైనాలుగు. వచ్చేనెల రెండో సంతకి నలభై.

ఆఫీసు కాయితం కిందే జవాబు రాసి పంపాను. సంఖ్య సున్నా. ఆ రోజు మా మగవాళ్ళు కొండమీదే ఉండాలి.